పెరటిలో కొత్తిమీర పెంపకము

కొత్తిమీర మన వంటలలో నిత్యము వాడు ఆకు. ఇందులోని కెరోటిన్ శరీరములో విటమిన్ ‘ఎ’గా మారి కంటిచూపును కాపాడును. కాని దీనిని తరచుగా పచ్చిగానే తిందురు. మురుగునీటితో పెరిగిన ఆకును సరిగా కడుగక తినినచో విరేచనములు కలుగవచ్చును. ఏలికపాముల గుడ్లు కడుపులో చేరవచ్చును. శుభ్రమైన నీటితో ఇంటనే పెంచుకొనుట మేలు.

పెరటిలో కొత్తిమీర సరిగా రాకపోవుటకు ముఖ్య కారణములు మూడు. మొదటిది విత్తనము. ధనియము ఒక్క గింజ కాదు. గట్టి పొట్టులో రెండు గింజలుండును. కావున ధనియములను చెక్కతో మెల్లగా ఒత్తి, బద్దలుగా విడదీసి, ఒక రాత్రి నానబెట్టి, ఒక సెంటీమీటరు లోతున విత్తవలెను. మొలకెత్తుటకు 8 నుండి 15 దినములు పట్టును; అంతవరకు మట్టి ఆరిపోరాదు. రెండవది ఎండ. వేసవి తాపమునకు మొక్క ఆకు వేయుట మాని పూతకు వచ్చును. శీతకాలమే దీనికి అనువైనది. వేసవిలో పందిరి నీడ కల్పింపవలెను. మూడవది నారు పీకి నాటుట. దీని తల్లివేరు కదలికకు ఓర్వదు; మొలచిన చోటనే పెరుగనీయవలెను.

పచ్చి పెంట వేయరాదు. బాగుగా చివికిన ఎరువునే విత్తుటకు ముందు మట్టిలో కలుపవలెను. మురుగునీరు పోయరాదు. సుమారు 40 దినములకు ఆకు కోతకు వచ్చును. పదిహేను దినముల కొకసారి కొద్దికొద్దిగా విత్తుచుండిన ఇంటికి కొరత రాదు.

పెరటి ఆకునైనను కడిగియే వాడవలెను. చారుపై చల్లు చిటికెడు ఆకు రుచికే చాలును, పోషణకు చాలదు. పచ్చడిగా నూరి, పిల్లలకు అన్నములో కలిపి పెట్టుట మంచిది.