ఇంట్లో పొగ, పిల్లకు ఉబ్బసం

పిల్ల ఆయాసపడితే మన విశాఖలో ఏమంటాం? "పోర్టు బొగ్గుదుమ్ము" అంటాం. "ఫ్యాక్టరీ పొగ" అంటాం. అవి చెరుపు చేసేమాట నిజమే. కానీ ఇంకో పొగ మన ఇంట్లోనే ఉంది. అదే చుట్ట, బీడీ, సిగరెట్ల పొగ.

విశాఖ, శ్రీకాకుళం తీరంలో కొందరు ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటు. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. నిప్పు నోట్లో ఉన్నా పొగ బయటికి వస్తుంది. ఒళ్లో ఉన్న పిల్ల ఆ పొగే పీలుస్తుంది.

పొగ తాగేది పెద్దవాళ్లు. జబ్బు పిల్లలకెలా వస్తుంది?

మన ఊపిరితిత్తుల్లో చెట్టు కొమ్మల్లాగా గాలి గొట్టాలు ఉంటాయి. పిల్లల గొట్టాలు సన్నంగా ఉంటాయి. పైగా పిల్లలు మనకంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తారు. పొగ తగిలితే గొట్టాలు లోపల వాస్తాయి. జిగురు పేరుకుంటుంది. గాలి ఆడే దారి ఇరుకవుతుంది. పిల్లికూతలు, రాత్రి దగ్గు, ఆయాసం వస్తాయి. ఇవి మాటిమాటికీ వస్తుంటే ఉబ్బసం కావచ్చు.

ఈ చెరుపు ఒక తరంతో పోకపోవచ్చు. ఆస్ట్రేలియాలో 1,689 మంది పిల్లల్ని, వాళ్ల తండ్రుల్ని పరిశీలించి 2022లో ఒక సంగతి చెప్పారు. కొందరు తండ్రులు 15 ఏళ్లలోపు ఇంట్లో పొగ పీల్చారు. వాళ్ల పిల్లల్లో ఒక రకం ఉబ్బసం ఎక్కువగా కనిపించింది.

కిటికీ తీస్తే చాలదా? చాలదు. పొగ బట్టలకీ, పక్కలకీ పట్టి ఉంటుంది.

మరి ఏం చెయ్యాలి?

ఇంట్లో ఎవరినీ కాల్చనివ్వకండి. కడుపుతో ఉన్నవాళ్ల దగ్గర అసలే వద్దు. పెద్దవాళ్లకు ఎలా చెప్పాలా అని జంకకండి. "మావయ్యా, పిల్లకు ఆయాసం. చుట్ట బయట కాల్చండి" అనండి. మనవరాలంటే తాతకు ప్రాణం కదా!

పూర్తిగా మానితే అందరికీ మేలు. మానాలనుకునేవాళ్లు 1800-11-2356కు ఫోన్ చెయ్యవచ్చు. డబ్బులు పడవు.

పిల్లికూతలు వినిపిస్తే పిల్లను డాక్టరుకు చూపించండి. కె.జి.హెచ్. ఉంది. పీల్చే మందు ఇస్తే భయపడకండి. అది వ్యసనం కాదు. పెదవులు నీలంగా మారినా, ఊపిరికి డొక్కలు ఎగరేస్తున్నా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

2008 అక్టోబరు 2 నుంచి బస్సుల్లో, ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో పొగ తాగనివ్వకూడదని రూలు ఉంది. మన గడప లోపలికి ఆ రూలు రాదు. అక్కడ రూలు పెట్టవలసింది మనమే.