తుప్పు పట్టిన స్టడ్డు దగ్గర తొందర పనికిరాదు

నేను ముప్పై ఏళ్లు మిల్లులో ఫిట్టర్‌గా చేశాను. చదువు ఐదో తరగతి. రింగు ఫ్రేముల దగ్గర బిగుసుకుపోయిన నట్లు ఎన్ని ఊడదీశానో లెక్కలేదు. అలాంటివాణ్ణి పోయిన వేసవిలో మా దరియాలతిప్పలో ఒక పాత కారు ఇంజిను దగ్గర పొరపాటు చేశాను. మన పిల్లలు చాలామంది మెకానిక్ షెడ్లలో చేరుతున్నారు కదా, వాళ్ల కోసం రాస్తున్నాను.

కారు మా మేనల్లుడిది. మా బావ నడిపిన మార్క్ 3 అంబాసిడర్, 1489 సీసీ పెట్రోలు ఇంజిను. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పుడేమో పెళ్లిళ్లకి పాత కార్లు అద్దెకి అడుగుతున్నారు. బాగుచేయిస్తే నాలుగు రాళ్లు వస్తాయని మావాడు అప్పు చేసి గాస్కెట్లు, పిస్టన్ రింగులు కొన్నాడు. బ్లాకు పాడైతే ఆ అప్పు అలాగే మిగులుతుంది.

మా ఊరి గాలే ఉప్పన. 2022 జూలై వరదకి కారు తడిసింది కూడా. కానీ అసలు తుప్పు లోపలిది. బావ ఏనాడూ కూలెంట్ పోయలేదు, రేడియేటర్‌లో బోరు నీళ్లే.

హెడ్డుని బ్లాకుకి పట్టి ఉంచేవి స్టడ్లు. రెండు చివర్లా మరలున్న కడ్డీ అన్నమాట. ముతక మర బ్లాకులో ఉంటుంది, సన్న మర మీద నట్టు బిగిస్తారు. హెడ్డు ఎన్నిసార్లు విప్పినా బ్లాకులో మర అరగకూడదనే ఈ ఏర్పాటు. నీళ్లు ఊరితే కడ్డీ నడుం దగ్గర తింటుంది. పైన నట్టు కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది.

నేను మోసపోయింది అక్కడే. రాత్రంతా కిరసనాయిల్లో నాననివ్వాల్సింది. సాయంత్రం పోసి పొద్దున్న కూడా ఆగకుండా, పానాకి పైపు తొడిగి లాగాను. నట్టు కదిలిందనుకున్నాను. కదిలింది నట్టు కాదు, స్టడ్డు మెలిపడింది. టక్కుమని విరిగింది. “మావయ్యా, ఏంటా చప్పుడు?” అన్నాడు మావాడు. నాకు నోట మాట రాలేదు.

మిగతావాటిని మూడు రోజులు నానబెట్టాం. పూటకోసారి సుత్తితో పైనుంచి మెల్లగా తట్టడం, కొంచెం విప్పడం, మళ్లీ కొంచెం బిగించడం. ఒకే పట్టున విప్పేద్దామంటే కుదరదు. హెడ్డు లేచాక, స్టడ్డు మీద రెండు నట్లు ఒకదానికొకటి బిగించి, కింద నట్టుని పానాతో తిప్పితే స్టడ్డు ఊడి వచ్చేస్తుంది.

విరిగినది బ్లాకు పైన అరంగుళం మిగిలింది. దాని మీద నట్టు పెట్టి, నట్టు లోపలి నుంచి వెల్డింగు చేయించాం. ఆ వేడికే పట్టు సడలింది, మరీ ఎర్రగా ఉన్నప్పుడు కాకుండా కాస్త చల్లారాక తిప్పాం. అదీ కుదరకపోతే సరిగ్గా మధ్యలో డ్రిల్లు వేయాలి. లోపల పెట్టి తిప్పే ఈజీ అవుట్ అనే పనిముట్టు ఉంది గానీ నాకు దాని మీద నమ్మకం తక్కువ. చాలా గట్టి ఉక్కు, లోపల విరిగితే డ్రిల్లు కూడా దిగదు. వెల్డింగుకీ మంటకీ ముందు కిరసనాయిలంతా తుడిచేయండి, పెట్రోలు దూరంగా పెట్టండి.

పాత స్టడ్లన్నీ బల్లమీద వరసగా పెట్టి చూస్తే, పైకి బాగున్నవాటిలో కూడా నాలుగింటి నడుం సన్నబడి ఉంది. “బాగున్నవి వాడేద్దాం మావయ్యా” అన్నాడు. వద్దన్నాను. ఒక లేతు అతను మామూలు ఇనుప కడ్డీతో చవగ్గా చేసిస్తానన్నాడు. అదీ వద్దన్నాను. మెత్తటి ఇనుము బిగింపుకి సాగుతుంది, గాస్కెట్ పోతుంది, నీళ్లు సిలిండర్లోకి దిగుతాయి. గట్టి ఉక్కువి సెట్టు మొత్తం తెప్పించాం. మావాడు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

బ్లాకులో మరలు శుభ్రం చెయ్యడానికి పాత స్టడ్డుకి రంపంతో నిలువునా రెండు గాట్లు పెట్టి లోపల తిప్పాను, తుప్పంతా గాట్లలోకి వచ్చింది. కొత్త ట్యాప్ దించితే ఉన్న ఇనుము కూడా పోతుంది. అడుగు మూసి ఉన్న కన్నాల్లో నూనె మిగలకూడదు, స్టడ్డు దిగేటప్పుడు ఆ ఒత్తిడికి బ్లాకు పగులుతుంది. గాలి కొట్టించి ఆరబెట్టాం. నీళ్ల దారిలోకి తెరుచుకునే కన్నాలకి సీలెంట్ రాశాం. స్టడ్లు చేత్తో దించితే చాలు. నట్లు మాత్రం టార్క్ రెంచితో, మధ్య నుంచి అంచులకి, మాన్యువల్లో ఉన్న లెక్కకి మూడు దఫాల్లో బిగించాను.

ఇంజిను మూడో కొట్టుకి అందుకుంది. వేడెక్కి చల్లారాక నట్లు మళ్లీ చూశాను, రెండు కొంచెం తిరిగాయి. రేడియేటర్‌లో ఇప్పుడు కూలెంట్ ఉంది. విరిగిన స్టడ్డు ముక్కని మావాడు డాష్‌బోర్డు మీద పెట్టుకున్నాడు. తీసేయరా అంటే వినడు.