ఎవరి ఫోన్‌లోకి వెళ్తుంది మన వీడియో?

పులిహోర ఎలా కలపాలో చూపించే ఎనిమిది నిమిషాల వీడియో ఒకటి యూట్యూబ్‌లో పెట్టారనుకుందాం. రెండు రోజులయ్యాక యూట్యూబ్ స్టూడియో తెరిస్తే అందులో ఒక గీత కనిపిస్తుంది. వీడియో మొదలైన క్షణాన నూరు శాతం దగ్గర బయల్దేరి, చూసేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నకొద్దీ కిందికి దిగుతుంది. దీన్ని రిటెన్షన్ గ్రాఫ్ అంటారు. "హాయ్ ఫ్రెండ్స్, వెల్కమ్ బ్యాక్ టు మై ఛానెల్, ఇంకా సబ్‌స్క్రైబ్ చేసుకోకపోతే..." అని పలకరించే మొదటి నలభై సెకన్లలోనే గీత నిట్టనిలువుగా పడిపోతుంది. పోపు దగ్గర కాస్త నిలదొక్కుకుంటుంది. చింతపండు గుజ్జు ఎంత వేయాలో చెప్పే చోట చిన్న బుడిపెలా పైకి లేస్తుంది. కొలత సరిగ్గా వినపడక వెనక్కి జరిపి మళ్లీ చూసినవాళ్ల వల్ల వచ్చిన బుడిపె అది. 'ఇక కలిపేసుకోవడమే' అనగానే గీత మళ్లీ జారుతుంది. వాళ్లకు కావలసింది అప్పటికే దొరికేసింది మరి.

ఛానెల్ పెట్టి ప్రేక్షకులను పెంచుకోవాలనుకునేవాళ్లు అన్నిటికంటే ముందు చదవడం నేర్చుకోవలసింది ఈ గీతనే అని నా నమ్మకం. "రీచ్ రావట్లేదు, అల్గారిథం మమ్మల్ని తొక్కేస్తోంది" అనే మాట ఏ ఇద్దరు క్రియేటర్లు కలిసినా వినపడుతుంది. ఆ బాధలో అబద్ధం లేదు. నెల రోజుల కష్టం మూడు వందల వ్యూస్ దగ్గర ఆగిపోతే ఎవరి మనసైనా చివుక్కుమంటుంది. అయితే అల్గారిథానికి మన మీద పగా లేదు, ప్రేమా లేదు. అది కొన్ని లెక్కలు వేస్తుంది. ఆ లెక్కల తీరు చాలావరకు బయటి ప్రపంచానికి తెలిసిందే.

మొదట్లో లెక్క చాలా తేలిక. 2005 ఏప్రిల్ 23న యూట్యూబ్‌లో మొట్టమొదటి వీడియో పెట్టింది ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన జావెద్ కరీమ్. అమెరికాలోని శాన్ డియాగో జూలో ఏనుగుల ముందు నిలబడి మాట్లాడిన 19 సెకన్ల ముక్క అది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఎక్కువ క్లిక్కులు పడిందే మంచి వీడియో. దాంతో లోపల సరుకు లేకపోయినా పైన ఊరించే బొమ్మ పెట్టేవాళ్లు పెరిగిపోయారు. 2012లో యూట్యూబ్ కొలబద్ద మార్చింది. ఎంతమంది నొక్కారన్నదాని కంటే ఎంతసేపు చూశారన్నదానికి విలువ పెంచింది. మార్చిన వెంటనే వ్యూస్ 20 శాతం పడిపోయాయని ఆ సంస్థలో సిఫార్సుల వ్యవస్థను చూసుకున్న క్రిస్టోస్ గుడ్రో 2021లో రాశారు. అయినా వాళ్లు వెనక్కి తగ్గలేదు. చూసిన సమయం ఒక్కటే చాలదని, వీడియోకు ఒకటి నుంచి ఐదు వరకు చుక్కలు ఇమ్మని ప్రేక్షకుల్లో కొందరిని అడగడం కూడా మొదలుపెట్టారు. గంటసేపు చూసి 'అనవసరంగా చూశాను' అనుకున్న గంటకు అక్కడ విలువ తక్కువ.

2016లో గూగుల్ పరిశోధకులు పాల్ కోవింగ్టన్, జే ఆడమ్స్, ఎమ్రే సార్గిన్ ఈ వ్యవస్థ లోపలి అమరికను ఒక పరిశోధన పత్రంలో వివరించారు. అందులో రెండు వడపోతలున్నాయి. మీరు ఫోన్‌లో యూట్యూబ్ తెరవగానే మొదటి వడపోత లక్షలాది వీడియోల నుంచి కొన్ని వందలను ఏరుతుంది. రెండోది ఆ వందల్లో మీరు ఏది ఎంతసేపు చూస్తారో అంచనా కట్టి వరుసలో పెడుతుంది. మీ ఫోన్ తెర మీదికి వచ్చేవి ఆ వరుసలో పైనున్న కొద్ది వీడియోలే. ఇక్కడ గమనించాల్సిన సంగతి, వీడియో బాగుందా లేదా అన్న ప్రశ్న ఈ రెండు వడపోతల్లో ఎక్కడా లేదు. పులిహోర రుచి అల్గారిథానికి తెలియదు. ఈ వీడియో చివరిదాకా చూసినవాళ్లు ఇంకేం చూశారు, అవే చూసిన మరో మనిషి ఎక్కడున్నారు అన్నదే దాని వెతుకులాట. చూసేవాళ్ల అలవాట్లను పక్కపక్కన పెట్టి పోల్చే ఈ పద్ధతిని కొలాబరేటివ్ ఫిల్టరింగ్ అంటారు.

మరి ఎవరూ ఇంకా చూడని కొత్త వీడియో సంగతేమిటి? దాని గురించి లెక్కలేమీ ఉండవు. కొంతమందికి చూపిస్తే తప్ప లెక్కలు పుట్టవు. ఎంతమందికి చూపించాలి? నచ్చని వీడియోను ఎక్కువమందికి చూపిస్తే వాళ్ల సమయం పాడు. తక్కువమందికి చూపించి ఊరుకుంటే మంచి వీడియో మరుగున పడిపోవచ్చు. ఈ చిక్కుముడి ఇంటర్నెట్ కంటే చాలా పాతది. 1933లో విలియం థాంప్సన్ అనే శాస్త్రవేత్త వైద్యం విషయంలో దీని గురించి రాశాడు. ఒకే జబ్బుకు రెండు మందులున్నాయి, ఏది మేలో ఇంకా తెలియదు, రోగులు వస్తూనే ఉన్నారు. ఎవరికి ఏది ఇవ్వాలి? మెరుగ్గా కనిపిస్తున్న మందును ఎక్కువమందికి ఇస్తూనే, రెండోదాన్ని పూర్తిగా వదిలేయకుండా కొద్దిమందికి ఇచ్చి చూస్తూ ఉండాలి. ఫలితాలు వస్తున్నకొద్దీ ఆ పాళ్లు మార్చుకుంటూ పోవాలి. థాంప్సన్ చూపిన లెక్క సారాంశం ఇదే. వార్తలను, ప్రకటనలను, వీడియోలను ఎవరికి చూపించాలో నిర్ణయించే వ్యవస్థల్లో ఇదే జాతి లెక్కలు ఇవాళ బాగా వాడుకలో ఉన్నాయి. మన పులిహోర వీడియో కూడా అలాగే ముందు కొద్దిమంది ముందుకు వెళ్తుంది. వాళ్లు నొక్కి, నిలబడి చూస్తే ఇంకొంతమంది ముందుకు వెళ్తుంది.

నొక్కడం అనేదాన్ని గురించి ఒక అంకె తెలిసి ఉంటే అనవసరమైన దిగులు తగ్గుతుంది. తెర మీద థంబ్‌నెయిల్ కనిపించిన ప్రతి వందసార్లలో సగం ఛానెళ్లకు, వీడియోలకు పడే క్లిక్కులు రెండు నుంచి పది మధ్యలోనే ఉంటాయని యూట్యూబే చెబుతోంది. అంటే నూటికి తొంభైసార్లకు పైగా మనుషులు చూసి దాటిపోవడం మామూలే.

ఇప్పుడు చాలామంది చేసే ఒక పని సంగతి. ఛానెల్ పెట్టగానే లింకును బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో పడేసి, బావలకూ వదినలకూ ఫోన్లు చేసి సబ్‌స్క్రైబ్ చేయించడం. మానిటైజేషన్‌కు వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు కావాలి కదా అని. ఆ వెయ్యి పక్కనే ఇంకో షరతుంది. ప్రకటనల ఆదాయం కోసం ఏడాదిలో 4,000 గంటల వీక్షణ సమయం చూపించాలి, లేదంటే 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్. నాలుగు వేల గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు సగటున నాలుగు నిమిషాలు చూస్తే 60,000 సార్లు చూడాలి. వెయ్యిమంది చుట్టాలు దొరకవచ్చు గానీ, అరవై వేల వ్యూస్ మొహమాటంతో రావు. పైగా పిన్ని కూతురు ప్రేమకొద్దీ నొక్కి, పది సెకన్లు చూసి మూసేస్తే అల్గారిథానికి అందే సమాచారం ఏమిటి? ఒకరు నొక్కారు, ఉండలేదు. ఆమెకు వంటల మీద ఆసక్తి లేదు, ఆమె చూసేవి సీరియళ్లు. ఆమెలాంటి మరొకరిని వెతికితే దొరికేది ఇంకో సీరియల్ ప్రేక్షకురాలే. ప్రేక్షకులను కొనుక్కోవడం, 'నువ్వు నాది చెయ్, నేను నీది చేస్తా' అనే బేరాలు యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధం. నిబంధన సంగతి అలా ఉంచినా, అవి మన వీడియోకు తగిన మనిషిని వెతికే దారినే చెరిపేస్తాయి.

ఇంత జాగ్రత్తగా చేసినా ఒకరి వీడియో ఎగురుతుంది, అంతే బాగున్న మరొకరిది మూలన పడుతుంది. ఎందుకు? ఈ ప్రశ్నకు నాకు తెలిసిన అత్యంత అందమైన జవాబు 2006లో సైన్స్ పత్రికలో వచ్చింది. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక వెబ్‌సైట్ తయారుచేసి, పెద్దగా ఎవరికీ తెలియని బ్యాండ్ల పాటలు 48 అందులో పెట్టారు. 14,341 మంది వచ్చి పాటలు విన్నారు, నచ్చినవి దించుకున్నారు. వాళ్లకు తెలియని కిటుకు ఏమిటంటే, పరిశోధకులు వాళ్లను విడివిడి లోకాలుగా పంచేశారు. ఒక లోకంలో ఏ పాటను ఎంతమంది దించుకున్నారో కనిపించదు. మిగిలిన ఎనిమిది లోకాల్లో కనిపిస్తుంది, అదీ తమ లోకం లెక్క మాత్రమే. అవే పాటలు, అదే రకం మనుషులు, అన్ని చోట్లా సున్నాతో మొదలు.

ఎనిమిది లోకాలూ ఎనిమిది దారుల్లో పోయాయి. 52మెట్రో అనే బ్యాండ్ పాడిన 'లాక్‌డౌన్' పాటనే తీసుకోండి. లెక్కలు కనిపించని లోకంలో దానిది 26వ స్థానం, అంటే మధ్యరకం. లెక్కలు కనిపించే లోకాల్లో ఒకచోట అది మొదటి స్థానానికి ఎక్కింది, ఇంకోచోట 40వ స్థానానికి దిగింది. పాటలో ఒక్క స్వరం మారలేదు. మొదట వచ్చిన కొద్దిమంది దాన్ని ఎంచుకున్నారా లేదా అన్నదే తేడా. వాళ్ల ఎంపిక తర్వాతివాళ్లకు కనిపించింది, అది మరికొందరిని లాగింది. ఉన్నవాడికే ఇంకా చేరడం అనే ఈ తీరును సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లోనే శాస్త్రవేత్తల పేరుప్రతిష్ఠల విషయంలో వివరించాడు. ఇక్కడ అది ప్రయోగంలో కళ్లకు కట్టింది. మరీ బాగున్న పాటలు అడుగుకు పోవడం, మరీ బాగోలేనివి పైకెక్కడం అరుదు. మధ్యలో ఉన్నవాటికి మాత్రం ఏదైనా జరగవచ్చు. మన వీడియోల్లో చాలా భాగం ఆ మధ్యలోనే ఉంటాయి. 'ఇలా చేస్తే నెలలో లక్షమంది గ్యారంటీ' అని కోర్సులు అమ్మేవాళ్లు ఈ ఎనిమిది లోకాల్లో తాము గెలిచిన ఒక్క లోకాన్నే చూపిస్తారు. ఓడిపోయినవాళ్లు తమలో తప్పు వెతుక్కుని కుమిలిపోతారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

వైరల్ కావడం గురించి కూడా ఒక భ్రమ పోవాలి. ఒకరి నుంచి ఇద్దరికి, ఇద్దరి నుంచి నలుగురికి అంటువ్యాధిలా పాకుతుందని అనుకుంటాం. శరద్ గోయల్, డంకన్ వాట్స్ బృందం ట్విట్టర్‌లో దాదాపు వంద కోట్ల పోస్టుల వ్యాప్తిని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. అంత పొడవైన గొలుసులు చాలా చాలా అరుదు. బాగా పాకినవాటిలో ఎక్కువ భాగం, అప్పటికే పెద్ద సంఖ్యలో ప్రేక్షకులున్న ఒకరు పంచుకోవడం వల్ల ఒక్కసారిగా వేలమందికి చేరినవే.

ఇక మన దగ్గరి మనుషులు. కర్రె మస్తానమ్మ నూరేళ్లు దాటిన వయసులో, ఆరుబయట కట్టెల పొయ్యి ముందు కూర్చుని వండుతుంటే ఆమె మునిమనవడి తరం కుర్రాళ్లు కంట్రీ ఫుడ్స్ ఛానెల్‌లో పెట్టారు. పుచ్చకాయలో వండిన కోడికూరను తెలుగు ముక్క రాని దేశాలవాళ్లు కూడా చూశారు. 2018 డిసెంబరులో ఆమె చనిపోయేనాటికి ఛానెల్‌కు పది లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో మొదలైన మై విలేజ్ షోలో గంగవ్వ తన ఊరి యాసలో, తన ఊరి కోపతాపాలతోనే మాట్లాడింది. 2020లో బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్లేసరికి ఆమెను ఎవరూ కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేకపోయింది. ఇద్దరి ఎదుగుదలలోనూ అదృష్టం పాలు ఉంది. కానీ ఇద్దరూ 'అందరికీ నచ్చాలి' అని తమను సాపు చేసుకోలేదు. ఎవరిలాగా ఉన్నారో చెప్పడం కష్టమయ్యే మనుషులు వాళ్లు. అలాంటి వీడియోకు ఎవరు అతుక్కుపోతారో, ఎవరు దాటిపోతారో స్పష్టంగా తేలిపోతుంది. పైన చెప్పిన లెక్కలకు ఆ స్పష్టతే ఆహారం.

ఇంకోటి కూడా జరుగుతుంది. డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ 1956లో టీవీ ప్రేక్షకుల గురించి ఒక వ్యాసం రాశారు. తెర మీది మనిషి నేరుగా కెమెరాలోకి చూస్తూ, ఒక్కరితోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడితే, చూసేవాళ్లకు ఆ మనిషి బాగా తెలిసినవాళ్లనిపిస్తుందని గమనించారు. దానికి వాళ్లు పెట్టిన పేరు పారాసోషల్ సంబంధం. 'ఫ్రెండ్స్ అందరికీ నమస్కారం' అనడానికీ, 'నువ్వు ఆవాలు ముందే వేసేశావా, ఏం పర్లేదు' అనడానికీ ఉన్న తేడా అదే. రెండో మాట విన్నామె మళ్లీ వస్తుంది.

ఈ బంధం ఒక వైపు నుంచే ఉంటుందనుకుంటే పొరపాటు. క్రియేటర్ కూడా కట్టుబడిపోతారు, మనుషులకు కాదు, అంకెలకు. 2021లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం నాలుగు వేలమందికి పైగా పెట్టిన పది లక్షలకు పైగా పోస్టులను చూసింది. లైకులు బాగా వస్తున్నప్పుడు జనం తర్వాతి పోస్టు త్వరగా పెడుతున్నారు, తగ్గితే ఆలస్యం చేస్తున్నారు. మీట నొక్కితే గింజలు వచ్చే పెట్టెలో ఎలుకల ప్రవర్తనను వివరించే లెక్కలే ఇక్కడా సరిపోయాయి. అర్ధరాత్రి లేచి వ్యూస్ చూసుకునే అలవాటు ఎవరి బలహీనతా కాదు. మెదడు నేర్చుకునే తీరే అంత. వీడియో పెట్టిన రోజు స్టూడియో తెరవకుండా ఉండమని నేను చెప్పేది అందుకే. మొదటి గంటల్లో ఊగే అంకెల్లో నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు, అలవాటు మాత్రం అంటుకుంటుంది.

పైగా ఆ అంకెలు మన సొంతం కూడా కావు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు వాటిలో టిక్‌టాక్ ఉంది. లక్షల్లో ఫాలోవర్లున్న తెలుగు పల్లెల కుర్రాళ్లు, ఇల్లాళ్లు ఉన్నపళాన సున్నాకు వచ్చేశారు. కొద్ది రోజులకే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలోకి వచ్చాయి గానీ, పాత ఫాలోవర్ల జాబితాను వెంట తెచ్చుకునే దారి లేదు. ఆ జాబితా కంపెనీది. పేరు గుర్తుపెట్టుకుని కొత్త చోట వెతుక్కుంటూ వచ్చినవాళ్లే ఆ క్రియేటర్‌కు మిగిలిన ప్రేక్షకులు. యూట్యూబ్ స్టూడియోలో ఆడియన్స్ అనే ట్యాబ్ తెరిస్తే కొత్తగా వచ్చినవాళ్లెందరో, మళ్లీ మళ్లీ వస్తున్నవాళ్లెందరో విడదీసి చూపిస్తుంది. ఛానెల్ పెరుగుతోందా అని నన్నడిగితే, సబ్‌స్క్రైబర్ల అంకెను పక్కనపెట్టి, ఆ రెండో లెక్క మూడు నెలల కింద ఎంత ఉండేదో, ఇప్పుడు ఎంత ఉందో చూడమంటాను.