చాలు ననుట యెవరి వంతు?

ఎసట బియ్యము పోయునపుడు కొలత చూడని యిల్లాలు లేదు. ఇంటిలో నెందరు, డబ్బాలో నెంత, నెల గడచుట కెన్ని దినములు – ఈ మూడు లెక్కలును మన వ్రేళ్ల మీదనే యుండును. లోకమునకు గూడ నిట్టి లెక్క యొకటి కలదని మేము స్నేహితురాండ్రము ముచ్చటించుకొన్నది 2020 వ సంవత్సరమున, కరోనా మహమ్మారి మన తలుపులు మూయించిన దినములలో.

మార్చి 22 న జనతా కర్ఫ్యూ. 25 నుండి దేశమంతటను లాక్‌డౌన్. మాలో నొకతె తాడేపల్లిగూడెమున ఉపాధ్యాయిని. ఒకతె కైకలూరు దాపున కొల్లేటి లంకలో కాపురమున్నది. మే మేలూరివారము. మధ్యాహ్నము వంటిల్లు సర్దుకొన్న పిమ్మట ముగ్గురమును ఫోనులోనే కూడుకొనెడివారము. మొదట కొన్నాళ్లు పప్పు, నూనె, సబ్బు, బడిలేని పిల్లల యల్లరి – ఇవియే మాటలు.

ఒకనాడు గూడెము వదినె యొక పుస్తకము సంగతి యెత్తినది. 1972 లో అమెరికాలో డొనెల్లా మెడోస్ అను విదుషీమణియు మఱి ముగ్గురును కలిసి, రోమ్ క్లబ్బు అను సంఘము కొరకు వ్రాసిన ‘పెరుగుదలకు హద్దులు’ అను గ్రంథమది. జనము, పంట, పరిశ్రమలు, కల్మషము, తరుగుచున్న ఖనిజములు – ఇవి యొకదాని నొకటి యెట్లు నెట్టుకొనిపోవునో కంప్యూటరు మీద లెక్కగట్టి, ఇదే రీతిగ సాగినచో నూరేండ్లలోపల హద్దు తగులునని వారు చెప్పిరి. (ఆడుదాని పేరు ముందుండుట మాకు సంతోషము, దాచనేల!) అందు పొడుపుకథ వంటి లెక్క యొకటి కలదు. చెరువులో కలువతీగె దినమునకు రెండింతలగుచు 30 దినములలో చెరువంతయు కప్పును. సగము కప్పున దేనాడు? 15 వ నాడని తొందరపడి చెప్పువారే యెక్కువ. కాదు, 29 వ నాడు! అంతవఱకు సగమునకు మించి నీరు కనబడుచునే యుండును గనుక నెవరికిని భయము పుట్టదు.

“కలువ యెందుకు వదినా? మా గుఱ్ఱపుడెక్కను చూడరాదా!” అని లంకలోని వదినె నవ్వెను.

దూరముననున్న సోదరీమణులకు కొల్లేటి సంగతి కొంత చెప్పవలసియున్నది. కృష్ణా గోదావరుల నడిమి పల్లములోనున్న యీ మంచినీటి సరస్సు బుడమేరు, తమ్మిలేరు మొదలగువాని వరదను కడుపున నిలిపికొని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రమునకు విడుచును. సముద్రమట్టమునకు 10 అడుగుల యెత్తుగీత వఱకు కొలిచినచో 901 చదరపు కిలోమీటర్లు. 5 అడుగుల గీత వఱకు 308. ఈ చిన్న గీతలోని భాగమును 1999 లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2002 లో సరస్సు రాంసార్ జాబితా కెక్కినది. ఆటపాక యొద్ద గూడబాతులు పిల్లలను సాకుట చూచినవారు మఱవలేరు.

అయితే ఆ గీతకు చాల ముందే, 1970 తరువాతి యేండ్లలో, బీద జాలరులకు బ్రతుకుతెరు వగునని ప్రభుత్వమువారే సహకార సంఘములచేత సరస్సులో చేపలచెరువులు త్రవ్వించిరి. లాభము కనబడగానే డబ్బుగలవారు పైనుండి వచ్చి కౌలుకు గైకొనిరి. గట్టుప్రక్కన గట్టు లేచినది. 2006 లో యంత్రములు దింపి ఆ గట్లను తెగగొట్టించిరి. పిమ్మట నెన్నో మరల లేచినవి.

ఇచ్చటనే మాకు తగవు వచ్చినది. హద్దున్నదని లెక్క చెప్పుచుండగా వినక తీరదని గూడెము వదినె వాదము. లంకలోని వదినె కంఠము మారినది. “ఆ హద్దు ముందుగా నెవరి గుమ్మములో పడును వదినా? గట్లు తెగినపుడు మేడలవారు మేడలలోనే యుండిరి. మా వీధివారు పిల్లలతో కూలికి వలసపోయిరి. ఇప్పుడును అంతే గదా! ఇంట నుండుడన్నారు. నెలజీత మున్నవారికి అది సెలవు. చేపలలారీ కదలనినాడు మా లంకవారికి కూలి లేదు. మీరు చాలుననుచున్నారు, మాకు చాలినది యెప్పుడు?” మేము కొంతసేపు పలుకలేదు.

ఆమె మాటలో న్యాయమున్నదని మా యభిప్రాయము. రెండుమారులు వడ్డించుకొన్నవానిని విడిచి, అప్పుడే విస్తరి ముందు కూర్చున్నవానిని లేపుట యేమి మర్యాద? అయినను గూడెము వదినె లెక్క దానివలన తప్పుకాలేదు.

ఆ యేడాది డిసెంబరు 5 మొదలు మా యేలూరిలో జరిగినది చూడుడు. కరోనాకై మూతికి గుడ్డ కట్టుకొనియుండగనే, వన్‌టౌన్ వైపు వీధులలో మనుష్యులు కన్నులు తేలవేసి మూర్ఛతో నేలకొరిగిరి. కొలదిదినములలో 600 మందికి పైగా ఆసుపత్రి చేరిరి, ఒకరు మరణించిరి. అంటువ్యాధి కాదు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు రోగుల రక్తములో సీసము, నికెల్ కనుగొనిరి. పురుగుమందుల మీదను అనుమానము పోయినది. ప్రతి యింటను బిందెను, కూరలబుట్టను శత్రువును చూచినట్లు చూచిన వారమది. మహమ్మారి వచ్చినచో తలుపు వేసికొందుము. త్రాగు నీటికి తలుపు వేయుట యెట్లు? లంకలోని వదినె ఆనాడు వాదింపలేదు. సరస్సు నడుమ కాపురముండి మంచినీళ్లు డబ్బాలతో కొనుచున్నామని మాత్రము చెప్పినది.

లాక్‌డౌన్ నేర్పినవానిలో కొన్ని నిలిచినవి. మా పెరటి తోటకూర నిలిచినది. పాతచీరల బొంతలు నిలిచినవి. కొద్దిమందితో పెండ్లి చేయుట మాత్రము నిలువలేదు. మహమ్మారి తగ్గినదో లేదో, మరల వేయి విస్తళ్లు!

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి, ఆ నీరు కొల్లేటికి దిగినది. లంకల త్రోవలు మునిగినవి. అరుగు మీదకి సామాను చేర్చుచునే వదినె ఫోనులో ననెను: “నీరు పోవుటకు గట్లు అడ్డమేనని మాకును తెలియును. కొట్టవచ్చినచో ముందు పెద్ద గట్టు కొట్టుడని అడుగవలెనని మా ఆడువారము అనుకొనుచున్నాము. ఏ గట్టు ఎవరిదో పట్టిక కావలెను వదినా.” అది యే కార్యాలయమున దొరకునో విచారింతునని గూడెము వదినె చెప్పినది.