పాత కారుకు కొత్త గేరు - బ్రేకుల సంగతేమిటి?

ముసలి ఎద్దును బండికి కట్టి దౌడు తీయించేవాణ్ని చూస్తే మనకు కోపం వస్తుంది. తొంభై ఏళ్లు దాటిన మోటారు కారును నేటి రహదారి మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో తోలేవాణ్ని చూస్తే మాత్రం ముచ్చటపడి నిలబడిపోతాం. లోపల ఇంజను పడే యాతన మన కంటికి కనిపించదు మరి. చెవి పెట్టి వింటే తెలుస్తుంది.

ఫోర్డు మోడల్ ‘ఎ’ కారునే తీసుకోండి. 1927 డిసెంబరులో అమెరికాలో ఇది ప్రజల ముందుకు వచ్చింది. 1931 వరకు సాగిన తయారీలో 48 లక్షలకు పైగా కార్లు బయటికి వచ్చాయి. అందుకే అక్కడ ఇవి మ్యూజియంలకే పరిమితం కాలేదు. సొంతంగా మరమ్మతు చేసుకుని, సెలవు రోజున కుటుంబంతో సహా రోడ్డెక్కేవారు ఇప్పటికీ వున్నారు. వీరిలో చాలామంది తమ కారుకు చేయించే మార్పు ఒకటుంది. అదే ఓవర్‌డ్రైవ్ గేరు బిగించడం. చూడటానికి చిన్న మార్పే. కానీ దీని వెనక ప్రాణాలకు సంబంధించిన ఒక మెలిక వుంది. ఆ మెలికే ఈ వ్యాసానికి కారణం.

ముందు యాతన ఏమిటో చూద్దాం. ఈ కారు ఇంజను 3.3 లీటర్లు, నాలుగు సిలిండర్లు. నిమిషానికి 2200 చుట్లు తిరిగినప్పుడు 40 గుర్రాల శక్తి ఇస్తుంది. గేర్లు మూడే. మూడో గేరులో ఇంజను ఒక చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్టు కూడా సరిగ్గా ఒక చుట్టు తిరుగుతుంది. వెనక ఇరుసులోని క్రౌను, పీనియన్ల నిష్పత్తి 3.78. అంటే చక్రం ఒకసారి తిరగడానికి ఇంజను దాదాపు నాలుగుసార్లు తిరగాలి. లెక్క వేస్తే 80 కిలోమీటర్ల వేగంలో ఇంజను నిమిషానికి సుమారు 2100 చుట్లు తిరుగుతోంది. తన పూర్తి శక్తినిచ్చే స్థాయికి దగ్గర్లోనే గంటల తరబడి నడవాలన్నమాట!

నేటి ఇంజనుకు ఇది లెక్కలోనిది కాదు. మోడల్ ‘ఎ’ ఇంజను వేరు. దాని బేరింగులు తెల్ల లోహాన్ని కరిగించి పోసినవి. కనెక్టింగ్ రాడ్లకు నూనె ఒత్తిడితో అందదు. కింద తొట్టిలో వున్న నూనెను రాడ్డు చివరనున్న చిన్న గరిటె చిమ్ముకుంటూ పోవాలి. మట్టి రోడ్ల మీద, ఊరికీ ఊరికీ మధ్య ఆగుతూ వెళ్లేందుకు చేసిన ఏర్పాటు ఇది. ఆరు వరసల రహదారి ఆనాటి తయారీదారుల ఊహలో లేదు.

ఓవర్‌డ్రైవ్ చేసే పని ఏమిటంటే, ఇంజను తిరిగిన దానికంటే షాఫ్టును ఎక్కువసార్లు తిప్పడం. మన ఇళ్ల ముందున్న కార్లలో ఐదో గేరు సాధారణంగా చేసే పని ఇదే. నూటికి 30 వంతులు తగ్గించే ఓవర్‌డ్రైవ్ పెడితే, అదే 80 కిలోమీటర్ల వేగానికి ఇంజను 2100కు బదులు 1470 చుట్లు తిరిగితే చాలు. గంట ప్రయాణంలో 37,800 చుట్లు మిగిలాయి. ఈ ఇంజను తక్కువ చుట్లలోనే గట్టిగా లాగే రకం కనుక సమతల రోడ్డు మీద ఈ బరువు దానికి భారం కాదు. ఎత్తు రోడ్డు మీద మాత్రం ఓవర్‌డ్రైవ్‌లో ఉంచి మూలిగిస్తూ ఎక్కించకూడదు. బేరింగులకు అది అతివేగమంత చేటూ చేస్తుంది.

క్రౌను, పీనియన్లనే మార్చేసి 3.54 నిష్పత్తి గానీ, 3.27 గానీ పెడితే సరిపోదా అని కొందరు అడుగుతారు. పెట్టవచ్చు, చవక కూడా. కానీ అది శాశ్వతమైన మార్పు. కొండ ఎదురైతే పాత బలం తిరిగి రాదు. ఓవర్‌డ్రైవ్ అయితే కావలసినప్పుడు వేసుకుని, వద్దన్నప్పుడు తీసేయవచ్చు.

ఇక మెలిక దగ్గరికి వద్దాం. ఈ కారుకు బిగించే ఓవర్‌డ్రైవ్‌లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి మిచెల్ అనే పేరుతో ఇలాంటి పాత కార్ల కోసమే తయారైంది. ఇది 26 శాతం తగ్గిస్తుంది. దీనికి విడిగా ఒక లివరు వుంటుంది, క్లచ్ తొక్కి మామూలు గేరు లాగానే వేయాలి. రెండోది బోర్గ్-వార్నర్ వారిది. 1934 నుంచి కొన్ని దశాబ్దాల పాటు ఎన్నో అమెరికన్ కార్లలో కంపెనీ నుంచే వచ్చిన యంత్రమిది. పాత కార్ల నుంచి విప్పిన ఆర్-10, ఆర్-11 రకాలను తెచ్చి మోడల్ ‘ఎ’కు అతికిస్తారు. ఇవే 30 శాతం తగ్గించేవి. తెలివైన యంత్రం, సందేహం లేదు. నడిమి పళ్లచక్రం చుట్టూ మూడు చిన్న చక్రాలు (ఆర్-11లో నాలుగు), వాటి చుట్టూ లోపలివైపు పళ్లున్న ఒక వలయం. కారు గంటకు సుమారు 45 కిలోమీటర్లు దాటాక, డ్రైవరు యాక్సిలరేటరు మీద నుంచి ఒక్క క్షణం కాలు తీస్తే సోలినాయిడ్ ఒక కొక్కేన్ని తోసి నడిమి చక్రాన్ని కదలకుండా పట్టేస్తుంది. వెంటనే వలయం ఇంజను కంటే వేగంగా తిరగడం మొదలెడుతుంది. క్లచ్ తొక్కే పనే లేదు!

అయితే ఓవర్‌డ్రైవ్ పడనప్పుడు ఇంజను శక్తి దేని గుండా వెళుతుంది? ఒక ఫ్రీవీల్ గుండా. సైకిలు తొక్కిన ప్రతివారికీ ఇది తెలుసు. పెడల్ ఆపినా చక్రం తిరుగుతూనే వుంటుంది. చక్రం పెడల్‌ను తిప్పలేదు. ఈ కారులోనూ అంతే. యాక్సిలరేటరు వదలగానే చక్రాలకూ ఇంజనుకూ బంధం తెగిపోతుంది. గేరులో వున్నా కారు న్యూట్రల్‌లో వున్నట్టే జారిపోతుంది.

మన ఘాట్ రోడ్ల మీద పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగే డ్రైవర్లను పెద్దలు ఎందుకు తిట్టేవారో గుర్తుచేసుకోండి. పల్లం దిగేటప్పుడు ఇంజనే సగం బ్రేకు. రెండో గేరు వేసి దిగితే కారు దానంతటదే అణిగి వుంటుంది. ఫ్రీవీల్ ఆ సగాన్నీ లాగేసుకుంటుంది. మిగిలేవి మోడల్ ‘ఎ’ బ్రేకులు. అవి నూనె ఒత్తిడితో పనిచేసేవి కావు. పెడల్ నుంచి నాలుగు చక్రాలకూ ఇనుప కడ్డీలు వెళతాయి. సరిగ్గా సర్ది వుంటే నమ్మదగినవే. కానీ వెనకటి రేకు డ్రమ్ములు వేడెక్కితే వ్యాకోచిస్తాయి, లైనింగు నుంచి దూరం జరుగుతాయి. పల్లం పొడుగయ్యే కొద్దీ పెడల్ కిందికి పోతూ వుంటుంది. పైగా 65 నుంచి 80కి వేగం పెరిగితే ఆపవలసిన శక్తి ఒకటిన్నర రెట్లవుతుంది. ఇంజనుకు విశ్రాంతినిచ్చిన గేరు బ్రేకులకు ఇచ్చేది ఈ బరువు. కనుక నా మట్టుకు నేను ముందు పోతపోసిన డ్రమ్ములు, కొత్త లైనింగు, బిగుతైన కడ్డీలు వున్నాయా అని అడుగుతాను. లేని కారుకు ఓవర్‌డ్రైవ్ కొనడం ఇల్లు కట్టకముందే పైకప్పు బేరమాడటమే.

ఈ ఫ్రీవీల్‌కు తాళం లేదా అంటే వుంది. డ్యాష్‌బోర్డు కింద ఒక పిడి వుంటుంది. దాన్ని లాగితే కేబుల్ లోపలి చక్రాలన్నిటినీ ఒకటిగా బిగించేస్తుంది. అప్పుడు ఓవర్‌డ్రైవ్ వుండదు, ఫ్రీవీలూ వుండదు. కారు 1928లో ఎలా వుండేదో అలా అవుతుంది. కానీ జాగ్రత్త! కారు జారుతూ వుండగా ఈ పిడి లాగకూడదు, పళ్లు పగులుతాయి. ఆగి వున్నప్పుడైనా లాగాలి, ఇంజను కారును లాగుతున్నప్పుడైనా లాగాలి. అంటే పల్లంలో భయం పుట్టాక చేయి పిడి మీదకు వెళితే అప్పటికే ఆలస్యం. కొండ మీదనే, దిగకముందే ఆ పని కావాలి.

రివర్సుకూ ఇదే పిడి కావాలి. కంపెనీ బిగించిన కార్లలో రివర్సు గేరు వేస్తే చాలు, లోపలి కడ్డీ దానంతటదే ఆ తాళం వేసేది. మోడల్ ‘ఎ’లో ఈ యంత్రం గేరు పెట్టెకు ఆనుకుని కాక, వెనక గొట్టం మధ్యలో కూర్చుంటుంది. ఆ కడ్డీతో సంబంధం వుండదు. పిడి లాగకుండా రివర్సు వేస్తే ఇంజను అరుస్తుంది, కారు కదలదు. అంతకంటే ప్రమాదం, పల్లం వైపు ముఖం పెట్టి ఆపి, గేరులో వుంది కదా అని దిగిపోవడం. పిడి లాగని కారును గేరు పట్టుకోదు. హ్యాండ్‌బ్రేకు, చక్రం కింద రాయి తప్పనిసరి. మిచెల్ రకంలో ఈ ఫ్రీవీల్ లేదు. కుటుంబంతో తిరిగే కారుకు, అందులోనూ కొండ ప్రాంతంలో, నేను దానివైపే మొగ్గుతాను.

బిగించే పని గురించి రెండు మాటలు. మోడల్ ‘ఎ’లో షాఫ్టు బయటికి కనిపించదు, టార్క్ ట్యూబ్ అనే గొట్టంలో వుంటుంది. వెనక చక్రాలు కారును ముందుకు తోసే బలమంతా ఈ గొట్టం గుండానే గేరు పెట్టెకు చేరుతుంది. ఆ గొట్టాన్నీ, లోపలి షాఫ్టునూ కోసి మధ్యలో ఓవర్‌డ్రైవ్‌ను కూర్చోబెడతారు. బోర్గ్-వార్నర్ యంత్రం పుట్టిన కార్లలో ఆ తోపుడు బలాన్ని వెనక కమాను కట్టలు మోసేవి, దాని పెట్టె మీద పడేది కాదు. కాబట్టి అతికించే అడాప్టరు గట్టిది కావాలి, వరస తప్పకుండా లేతు మీద తయారు కావాలి. తెలిసిన చేతులకే ఈ పని ఇవ్వాలి. వెనక ఇరుసు విప్పేటప్పుడు అడ్డంగా వున్న కమాను కట్టను సాగదీసే పనిముట్టు లేకుండా తాకవద్దు. అందులో దాగిన బలం చేతులు విరిచేంత వుంటుంది.

చిన్నవి మరికొన్ని వున్నాయి. ఈ కారు కరెంటు 6 వోల్టులు. 12 వోల్టుల కారు నుంచి తెచ్చిన సోలినాయిడ్ దీనికి పనికిరాదు. గేరు పెట్టెలో పోసే చిక్కటి నూనె ఓవర్‌డ్రైవ్‌కు పనికిరాదు, దానికి పలచటిది వేరే పోయాలి. రెండూ కలవకుండా మధ్యలో సీలు వుండాలి. స్పీడు మీటరును తిప్పే చక్రం ఓవర్‌డ్రైవ్‌కు ముందువైపు వుండిపోతే మీటరు అబద్ధం చెబుతుంది. అది 70 చూపిస్తున్నప్పుడు కారు నిజంగా 100లో వుంటుంది! బ్రేకుల గురించి పైన చెప్పిన లెక్కను ఈ అంకెతో మళ్లీ వేసి చూడండి.

గొట్టాన్ని కోసే ముందు మరో పని. కారుతో పుట్టిన గొట్టాన్నీ, షాఫ్టునూ కోయకండి. పాత విడిభాగాలలో ఇంకో జత వెతికి దాన్ని కోయించండి. అసలు జతకు గ్రీజు పూసి, గుడ్డ చుట్టి, మీద కారు నంబరు రాసి అటకెక్కించండి.