తీగ తెగినా ఆపే రెక్క

ఇంగ్లండులో వేల్స్ సరిహద్దుకు దగ్గరగా ష్రూస్‌బరీ అనే ఊరుంది. రైళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లు అక్కడ బండి దిగాక ఊళ్లోకి పోరు, ప్లాట్‌ఫారం చివరికి నడుస్తారు. నేనూ అలాగే నడిచాను. పట్టాల మధ్య మూడంతస్తుల ఇటుకల కేబిన్ నిలబడి ఉంటుంది. పేరు సెవెర్న్ బ్రిడ్జ్ జంక్షన్, కట్టింది 1903 ప్రాంతంలో. లోపల 180 లీవర్లకు చోటున్న వరుస. అన్నీ ఇప్పుడు వాడుకలో లేవు. అయినా చేత్తో లీవర్లు లాగి బండ్లు నడిపే కేబిన్లలో, ఇంకా పనిచేస్తున్నవాటిలో, ప్రపంచంలోకెల్లా పెద్దది ఇదే.

ఆ లీవర్లు కదిపేది స్తంభం మీద తెల్లచార ఉన్న ఎర్ర రెక్కను. అడ్డంగా ఉంటే ఆగాలి, వాలితే పోవచ్చు. మన ఊళ్లలో ఔటర్, హోమ్ సిగ్నళ్ల దగ్గర పెద్దవాళ్లు చూసిన రెక్కలు ఈ వంశానివే. దాని పుట్టుక మాత్రం రైలుకన్నా పాతది. ఫ్రాన్సులో క్లోడ్ షాప్ 1794లో ప్యారిస్ నుంచి లీల్ దాకా కొండలమీదా గోపురాలమీదా చెక్క చేతులు ఆడించి వార్తలు పంపాడు. 1840ల తొలినాళ్లలో చార్లెస్ హటన్ గ్రెగరీ అలాంటి చేతిని లండన్‌లోని న్యూ క్రాస్ దగ్గర రైలుదారి పక్కన నిలబెట్టాడు. అంతకుముందు పోలీసులు పట్టాల పక్కన నిలుచుని, చేతులు చాచి, జెండాలు ఊపేవారు.

ఈ రెక్క యంత్రానికి అసలైన బుద్ధి వచ్చింది మాత్రం ఒక ఘోరం తర్వాత.

1876 జనవరి 21. ఇంగ్లండులోని అబట్స్ రిప్టన్ దగ్గర మంచు విపరీతంగా కురుస్తోంది. ఆ కాలంలో రెక్క మామూలుగా వాలే ఉండేది. అంటే దారి ఎప్పుడూ తెరిచే ఉన్నట్టు, ఆపాల్సినప్పుడు మాత్రమే రెక్క లేపేవారు. వాలిన రెక్క స్తంభంలోని చీలికలో దాగేది. ఆ చీలికలో, తీగలమీద మంచు గడ్డకట్టింది. కేబిన్‌లో లీవరు తిప్పినా బయట రెక్క లేవలేదు. దారి ఉందని చెప్పే తెల్లదీపం వెలుగుతూనే ఉంది (అప్పట్లో పొమ్మనడానికి తెలుపే గుర్తు). స్కాట్లండు నుంచి వస్తున్న ఎక్స్‌ప్రెస్, పక్కదారిలోకి తప్పుకుంటున్న బొగ్గుబండిని గుద్దింది. ఆ శిథిలాల్లోకి ఎదురుగా వచ్చిన మరో ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయింది.

అప్పటినుంచి నియమం తిరగబడింది. రెక్క ఎప్పుడూ అడ్డంగానే ఉండాలి, దారి ఇవ్వడమే ప్రత్యేకంగా చేయాల్సిన పని. స్తంభం మీద ఒక మీట, దాని చివర ఏతానికి కట్టినట్టు ఇనుప బరువు ఉంటాయి. కేబిన్‌లో లీవరు లాగితే తీగ ఆ బరువును పైకెత్తుతుంది, రెక్క వాలుతుంది. లీవరు వదిలినా, తీగ తెగినా బరువు కిందికి పడి రెక్కను అడ్డంగా నిలబెడుతుంది. తర్వాత వచ్చిన, పైకి లేచే రకం రెక్కకైతే దాని సొంత బరువే చాలు. మనుషులు కనిపెట్టిన యంత్రాల్లో ఇంత నిజాయితీగలది నాకు మరొకటి కనిపించలేదు.

కేబిన్ వాళ్ల తీరు కూడా చూడదగ్గది. చేతి చెమటకు ఇనుము తుప్పు పట్టకుండా గుడ్డ పట్టుకుని లీవరు లాగుతారు. ఆగమని చెప్పే సిగ్నళ్ల లీవర్లు ఎరుపు, పట్టాల దారి మార్చే పాయింట్లవి నలుపు. ఒకటి లాగితే దానికి అడ్డొచ్చే మిగతా లీవర్లు కదలకుండా బిగిసిపోతాయి. ఈ ఏర్పాటు తొలిరూపానికి జాన్ సాక్స్‌బీ 1856లో పేటెంటు తీసుకున్నాడు. పొమ్మనే దీపం తర్వాతి కాలంలో పచ్చగా మారింది. అయితే ఆ అద్దం నీలం రంగుది. కిరోసిన్ దీపపు పసుపు వెలుగు అందులోంచి వస్తే కంటికి పచ్చగా కనబడుతుంది.

రెక్కల స్థానంలో రంగుదీపాలు వచ్చినా నియమం మారలేదు. విలియం రాబిన్సన్ 1872లో పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్‌లో, పట్టాల్లో పారే కొద్దిపాటి కరెంటే రిలే అనే స్విచ్చును పైకి ఎత్తి పట్టుకుంటుంది. బండి వచ్చినా, కరెంటు పోయినా రిలే తన బరువుతోనే కిందికి జారుతుంది, ఎర్రదీపం వెలుగుతుంది. మన విజయవాడ లాంటి జంక్షన్లలో బండిని కాపాడుతున్నదీ ఈ ఆలోచనే.

బ్రిటన్‌లో రెక్క సిగ్నళ్లు ఏటికేడు తగ్గిపోతున్నాయి. అటు వెళ్లే తెలుగువాళ్లు ష్రూస్‌బరీలో ఒక గంట ఆగండి. పిల్లలుంటే వాళ్లకు రెక్కతో పాటు దాన్ని నడిపే బరువునూ చూపించండి.