వెన్నులో పెట్టు విద్యుత్తు మిషను: ఇల్లు కుదువ పెట్టక ముందు

గడచిన దీపావళి తరువాత మన సంఘ సభ్యుడొకాయన పొదుపు నిధి నుండి అప్పు కోరుచు అర్జీ పెట్టినాడు. పెండ్లికి కాదు, ఇంటి కప్పుకు కాదు. "నరాల నొప్పికి వెన్నులో మిషను పెట్టించుకొనుటకు" అని వ్రాసినాడు. సంఘము ఇచ్చునది చాలదు గనుక ఇల్లు కూడ కుదువ పెట్టెదనన్నాడు. నేను మెట్రిక్ చదివినవాడనే గాని వైద్యుడను కాను. అయినను సంతకము పెట్టవలసినది నేనే గనుక విషయము తెలిసికొనక తప్పలేదు.

ఆయనకు యాబది ఏండ్లు. పదునాలుగవ ఏట గుంటమగ్గములో దిగినాడు. ఆరేండ్ల క్రిందట నడుములో డిస్కు జారి ఆపరేషను అయినది. గాయము మానినది, నొప్పి మానలేదు. పిర్ర నుండి మడమ దాక నిప్పు సెగ, ఒక్కొక్కప్పుడు షాకు కొట్టినట్లు. పంచె అంచు తగిలినా ఓర్వలేడు. గంటసేపు మగ్గము మీద నిలువలేడు. నాడె కొడుకు చేతికి పోయినది, ఇంటికి వచ్చు మజూరీ సగమైనది.

ఇది మామూలు నడుము నొప్పి కాదు. మామూలుగా దెబ్బ తగిలిన చోటి నుండి నరము వార్త మోయును. ఇచ్చట వార్త మోయు నరమే చెడి, దెబ్బ లేకున్నను తానే వార్త పుట్టించుచున్నది. మధుమేహము వారికి పాదములు మండుట, సర్పి మానిన తరువాత మిగులు మంట ఈ జాతివే. కావున అంగడిలో కొను నొప్పి మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటి వేరు మందులు కలవు. వాటిని వైద్యుడు కొద్దికొద్దిగా మోతాదు పెంచుచు ఇచ్చును. మనవారు నాలుగు దినములు మ్రింగి, మత్తుగా నున్నదని మానివేయుదురు.

విద్యుత్తు సంగతి క్రొత్తది కాదు. రోమనుల కాలమున స్క్రిబోనియస్ లార్గస్ అను వైద్యుడు తలనొప్పికి షాకు కొట్టు చేపను తాకించుమని వ్రాసినాడు. 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పికి ఒక వాకిలి వంటిది కలదనియు, స్పర్శ వార్తలు ఎక్కువైనచో అది మూసుకొనుననియు చెప్పిరి. మోకాలికి మగ్గపు గుంజ తగిలినప్పుడు మనము రుద్దుకొనుట అందుకే. 1967లో అమెరికాలో నార్మన్ షీలీ అను శస్త్రవైద్యుడు మొదటిసారి ఒక రోగి వెన్నులో ఇట్టి పరికరము అమర్చినాడు.

ఇప్పుడు చేయునది ఇది. వెన్నుపాము పొరకు వెలుపల సన్నని తీగలు దూర్చి, మొదట వారము దినములు బయటి పెట్టెతో నడిపి చూతురు. నొప్పి సగమైనను తగ్గినచో అప్పుడు బ్యాటరీ పెట్టెను చర్మము క్రింద అమర్చుదురు. తీగ జరుగవచ్చును, చీము పట్టవచ్చును. చార్జి చేయ వీలులేని బ్యాటరీ కొన్ని ఏండ్లకు అయిపోవును, మరల కోత తప్పదు. పెట్టించుకొన్నవారు ఎం.ఆర్.ఐ. తీయించుకొనునప్పుడు ముందే చెప్పవలెను, డయాథెర్మీ అను వేడి వైద్యము చేయించుకొనరాదు. ఖర్చు లక్షలలో నుండును.

అంత పెట్టిన తరువాత నిజముగా గుణము కలుగునా? మధుమేహపు మంటకు ఒక రకము పరికరమును అమెరికా ప్రభుత్వము 2021లో అనుమతించినది. కాని మన సభ్యునివలె ఆపరేషను తరువాత కాలి నొప్పి మిగిలిన 50 మందికి నార్వేలో పరికరము అమర్చి, వారికి తెలియకుండ మూడు నెలలు నడుపుచు, మూడు నెలలు ఆపుచు చూచిరి. 2022లో ఫలితము వెలువడినది. నడిపినప్పటికిని ఆపినప్పటికిని వారి పనిపాటులలో చెప్పదగిన భేదము కనబడలేదు. వీరందరును మొదటి పరీక్షలో గుణము కనబడినవారే! అచ్చట నడిపినది ఒక రకపు విద్యుత్తు మాత్రమే, అన్నిటికిని అదే తీర్పనరాదు. అయినను ఒక ఏజెంటు మన సభ్యునితో "నూటికి నూరు పాళ్లు నయము" అన్నాడట. అట్లన్న నోటిని నేను నమ్మను.

ఇక కార్డు చిక్కు. 1956 నవంబరు 1న మన జిల్లా హైదరాబాదు రాష్ట్రము నుండి విడిపోయినది. చుట్టములు, నూలు బేరము అటువైపే, హైదరాబాదు బెంగుళూరుకంటె సగము దూరమే. కాని ఆరోగ్యశ్రీ తెలంగాణ వారిది, మన రేషను కార్డు దానికి చెల్లదు. మనకున్నది 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక. పేద కుటుంబమునకు ఏటా 5 లక్షల వరకు. ఈ పరికరము అందులో వచ్చునో రాదో ఆసుపత్రిలోని పథకపు బల్ల వద్ద ముందే అడిగి, అనుమతి కాగితము చేత పుచ్చుకొనవలెను. బెంగుళూరు నిమ్హాన్స్, హైదరాబాదు నిమ్స్ రెంటను నరముల వైద్య విభాగములు కలవు. పాత స్కానింగులు, మందుల చీటీలు అన్నియు వెంట తీసికొనిపోవలెను.

పాలకవర్గము చివరకు దారి ఖర్చులకు, సలహాకు మాత్రము అప్పు మంజూరు చేసినది. నేనును వెంట పోతిని. అచ్చటి డాక్టరమ్మ చీటీలన్నీ చూచి, "ఈ మందు సరియైన మోతాదులో ఎన్నడును వాడలేదు, మూడు నెలలు వాడి రండు, మిషను సంగతి తరువాత" అన్నది. ఇప్పుడు రెండవ నెల. రాత్రి నిద్ర పట్టుచున్నది, మంట కొంత తగ్గినది, పోలేదు. మొన్న ఆయన భార్య ఆఫీసుకు వచ్చి, "తమ్ముడూ, బ్యాటరీ అయిపోతే మళ్లీ డబ్బు కట్టాలా?" అని అడిగినది. కట్టవలెనన్నాను. ఇంటి దస్తావేజు ఇంకను ఆమె పెట్టెలోనే ఉన్నది.